మన వంటింటి గ్యాస్ బండ ఏ సముద్రం దాటి వచ్చింది?



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి మర్యాదగానే ఒక మాట అడిగారు. "మేడమ్, మ్యాథ్స్, సైన్స్ అంటే రేపు ఐఐటీకో నీట్‌కో పనికొస్తాయి. ఈ సోషల్‌కి అంత టైం ఎందుకండీ? ఏవో దేశాలు, ఏవో ఓడలు. మనకేటి సంబంధం?" ఆ రోజు ఆయన వెనకాల ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. నేను మార్కుల షీటు చూపించి, నవ్వి పంపించేశాను. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పకుండా వదిలేశానే అనిపించింది. ఈ నెల నాకు ఇచ్చిన రెండు పేజీల్లో ఆ జవాబు రాస్తున్నాను.

పదో తరగతి జాగ్రఫీలో ఖనిజాలు, శక్తి వనరుల పాఠం ఉంది. ఎకనామిక్స్‌లో ప్రపంచీకరణ పాఠం ఉంది. ఈ రెండింటినీ కలిపి చెబుదామని ఒక రోజు క్లాసులో ఇలా మొదలుపెట్టాను: "మీ ఇంట్లో వేరే దేశం నుంచి వచ్చిన వస్తువు ఒకటి చెప్పండి." ఫోన్ అన్నారు. దుబాయ్ నుంచి నాన్న తెచ్చిన సెంటు సీసా అన్నారు. చాక్లెట్లు, దుప్పటి, టార్చిలైటు అన్నారు. చివరి బెంచీ అబ్బాయి ఒకడు కాస్త మొహమాటంగా "జీడి పిక్కలు మేడమ్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పలాసలో ఉంటూ జీడి పిక్కలు విదేశానివి అంటాడేమిటని వాళ్ళ నవ్వు. కానీ వాడు చెప్పిందే ఆ రోజు పాఠానికి సరైన మొదలు. వాళ్ళ అమ్మ జీడిమిల్లులో పీలింగ్ పని చేస్తుంది.

వంటింట్లో ఉన్న గ్యాస్ బండ పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

పలాస మిల్లు నేర్పే పాఠం

పలాస, కాశీబుగ్గ మిల్లులు ఉద్దానం తోటల పంట మీదే పుట్టాయి. కానీ ఏడాది పొడుగునా మిల్లు నడవాలంటే ఇక్కడి పంట చాలదు. అందుకే ఆఫ్రికా నుంచి ముడి పిక్కలు తెప్పిస్తారు. మన దేశానికి పిక్కలు అమ్మే దేశాల్లో బెనిన్, టాంజానియా, ఐవరీ కోస్ట్, గినియా బిసావు ముఖ్యమైనవి. అక్కడి పిక్క ఓడలో వచ్చి, లారీలో పలాస చేరి, ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లో గుండుగా, బద్దగా మారి మళ్ళీ ఊళ్ళు దాటి పోతుంది.

పిల్లలకి చమురు వ్యాపారాన్ని దీనితోనే చెప్పాను. ముడి చమురు అంటే పిక్క. రిఫైనరీ అంటే మిల్లు. పిక్కని ఉడికించి, కోసి, ఒలిచి, గ్రేడు చేసినట్టే ముడి చమురును వేడి చేసి వేరు చేస్తే వంటగ్యాస్, పెట్రోలు, కిరోసిన్, డీజిలు వస్తాయి. జీడి తొక్కని కూడా పారేయకుండా నూనె తీసినట్టు, అక్కడ అడుగున మిగిలిన ముద్ద తారు అవుతుంది. ఆ తారే మన రోడ్లకి పోస్తారు.

ఇంకో పోలిక కూడా ఉంది. పలాస ముడి పిక్క కొని పప్పు అమ్ముతున్నట్టే, భారతదేశం ముడి చమురు కొని, శుద్ధి చేసి, డీజిలు, పెట్రోలు బయటి దేశాలకు అమ్ముతోంది కూడా. ప్రపంచంలోనే అతి పెద్ద రిఫైనరీ గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఉంది. మన విశాఖపట్నం రిఫైనరీ 1957లో కాల్టెక్స్ కంపెనీ మొదలుపెట్టింది. ఇప్పుడు అది హెచ్‌పీసీఎల్ చేతిలో ఉంది. ఏడాదికి 83 లక్షల టన్నుల సామర్థ్యాన్ని ఇటీవల 1.5 కోట్ల టన్నులకు పెంచారు.

కాబట్టి దిగుమతి చేసుకోవడమే తప్పని పిల్లలకి చెప్పకూడదు. దిగుమతి పిక్కల మీద పలాసలో ఎన్నో పొయ్యిలు వెలుగుతున్నాయి. అదే సమయంలో ఉద్దానం రైతు, బయటి పిక్క వచ్చి తన బస్తా ధర పడిపోతోందని బాధపడుతున్నాడు. ఆ రెండు మాటలూ నిజమే. ఒకే సరుకు ఒక ఇంటికి కూలి, పక్కింటికి నష్టం కావచ్చు. వ్యాపారం గురించి పిల్లలు మొదట అర్థం చేసుకోవలసింది ఇదే.

ఇప్పుడు ఇంకో సంగతి. ఆఫ్రికా దేశాలు కూడా తమ పిక్కని తామే ఒలిచి పప్పుగా అమ్ముకోవాలని చూస్తున్నాయి. బెనిన్ దేశం 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతిని ఆపేస్తామని ప్రకటించింది. "అమ్మేవాడు అమ్మను అంటే మన మిల్లు ఏమవుతుంది?" అని అడిగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బండలో ఎంత మనది?

లెక్కకి వద్దాం. భారతదేశం వాడే ముడి చమురులో 100 లీటర్లకి 85 లీటర్ల పైనే బయటి దేశాల నుంచి వస్తుంది. సహజవాయువులో సుమారు సగం దిగుమతి. వంటగ్యాస్‌లో సుమారు 60 శాతం దిగుమతి. అంటే మీ ఇంటికి వచ్చే 14.2 కేజీల బండలో సుమారు ఎనిమిదిన్నర కేజీలు సముద్రం దాటి వచ్చినట్టు లెక్క.

పిల్లలు వంటగ్యాస్‌నీ సహజవాయువునీ ఒకటే అనుకుంటారు. పరీక్షలో కూడా అలాగే రాసేస్తారు. రెండూ వేరు. వంటగ్యాస్‌లో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. కొంచెం ఒత్తిడి పెడితే ద్రవంగా మారి బండలో కూర్చుంటాయి. సహజవాయువు అంటే ఎక్కువ భాగం మీథేన్. దాన్ని ఓడలో తేవాలంటే మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరచాలి. ఖతార్ నుంచి అలా తెచ్చుకోవడానికి మన పెట్రోనెట్ సంస్థ కుదుర్చుకున్న ఒప్పందం ఏడాదికి 75 లక్షల టన్నులది. 2024 ఫిబ్రవరిలో దాన్ని 2048 వరకు పొడిగించారు. సహజవాయువు మనకి వంటింట్లో కనిపించకపోయినా పొలంలో కనిపిస్తుంది. యూరియా తయారీకి ముడిసరుకు అదే.

అలాగే డీజిలు లేని పని మన దగ్గర ఏదుంది? భావనపాడు, మంచినీళ్ళపేట, నువ్వలరేవు తీరంలో ఇంజన్ బోటు సముద్రంలోకి వెళ్ళాలంటే ముందు చూసేది వలని కాదు, ట్యాంకుని. అందుకే రాష్ట్ర ప్రభుత్వం వేటకు వెళ్ళే బోట్లకు డీజిలు మీద లీటరుకు 9 రూపాయల రాయితీ ఇస్తోంది. కవిటి, కంచిలి కొబ్బరికాయ ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్ళాలన్నా డీజిలే మోయాలి.

2024 నవంబరు 1న ముఖ్యమంత్రి దీపం-2 పథకాన్ని మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ప్రారంభించారు. అర్హత ఉన్న ఇంటికి ఏడాదికి మూడు బండలు ఉచితం. ఒక అమ్మాయి అడిగింది, "ఉచితం అంటే మనకి ఖర్చు లేనట్టే కదా మేడమ్?" అని. ఇంటికి ఖర్చు లేదు. కానీ ఆ గ్యాసుని ఎవరో ఒకరు డాలర్లు పెట్టి కొనాలి. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానా నుంచి వెళుతుంది. ఖజానాలో ఉన్నది మళ్ళీ మనం కట్టిన పన్నే.

ఒక్కటే దారి ఉంటే

మ్యాపు తీయించి పర్షియన్ గల్ఫ్ చూపించాను. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈ, ఇరాక్, ఇరాన్. ఈ పేర్లు చదువుతుంటే క్లాసులో చేతులు లేచాయి. "మా నాన్న అక్కడే", "మా చిన్నాన్న అక్కడే", "మా బావ." ఏ టెక్స్ట్‌బుక్కూ తేలేని శ్రద్ధ ఆ పేర్లు తెచ్చాయి.

ఆ దేశాల చమురులో ఎక్కువ భాగం హోర్ముజ్ జలసంధి దాటి బయటికి రావాలి. ఒక పక్క ఇరాన్, ఇంకో పక్క ఒమన్. అతి ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. ఇంచుమించు పలాస నుంచి టెక్కలికి ఉన్నంత దూరం. అందులో పెద్ద ఓడలు పోయే దారి ఒక్కో వైపు 3 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ప్రపంచం రోజూ వాడే చమురులో సుమారు అయిదో వంతు ఈ సందులోంచి వెళుతుంది. ఖతార్ సహజవాయువు కూడా ఈ దారినే రావాలి. మన దిగుమతి వంటగ్యాస్‌లో ఎక్కువ భాగానిదీ ఇదే దారి.

దారి మూసుకుపోవడం అంటే ఏమిటో మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన తీరాన్ని తాకింది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్ళు అప్పటికి చిన్నపిల్లలు. అయినా గుర్తుంది. జీడి చెట్లు, కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా పడిపోయాయి. స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్ళ ట్యాంకు నింపాలంటే జనరేటరు కావాలి, జనరేటరుకి డీజిలు కావాలి. "అప్పుడు మా అమ్మ ముందు ఏటి చేసింది? ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు చూసుకుంది మేడమ్" అని ఒక పాప చెప్పింది. దేశం చేసే పని కూడా అదే. దారి మూసుకున్న రోజుకి ఇంట్లో ఎంత నిల్వ ఉందో చూసుకోవడం.

మన నిల్వ దగ్గర్లోనే ఉంది. విశాఖపట్నంలో రాతి పొరల్లో తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు దాచే ఏర్పాటు ఉంది. కర్ణాటకలో మంగళూరు, పాదూరుల్లో ఉన్నవి కూడా కలిపితే మొత్తం 53.3 లక్షల టన్నులు. ఇవి నిండుగా ఉంటే దేశ అవసరానికి తొమ్మిదిన్నర రోజులు సరిపోతాయి. ఆయిల్ కంపెనీల సొంత ట్యాంకుల్లో ఉండేది దీనికి అదనం. వంటగ్యాస్ కోసం కూడా విశాఖలో భూమి లోపల 60 వేల టన్నుల గుహ ఉంది. 2007 నుంచి పనిచేస్తోంది. వైజాగ్ టూర్‌కి వెళ్ళినప్పుడు పిల్లలకి బీచ్‌తో పాటు ఈ సంగతీ చెప్పండి.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య పన్నెండు రోజులు యుద్ధం జరిగింది. హోర్ముజ్ మూసేస్తారేమోనన్న భయానికే చమురు ధర ఎగిరింది. దారి మూసుకోలేదు, ధర మళ్ళీ దిగింది. ఓడ ఆగకపోయినా భయానికే ధర పెరుగుతుందని పిల్లలు అప్పుడు చూశారు.

ధర తగ్గితే అందరికీ మంచిదేనా?

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయించాను. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. బ్యారెల్ 70 డాలర్లు, డాలరు 88 రూపాయలు అనుకుంటే లీటరు ముడి చమురు సుమారు 39 రూపాయలు. మన బంకులో పెట్రోలు నూరు దాటుతుంది. మిగతాది శుద్ధి, రవాణా, డీలరు కమీషను, అన్నింటికన్నా ఎక్కువగా కేంద్రం, రాష్ట్రం వేసే పన్నులు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి మరో 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా బంకులో లారీలు ఎందుకు ఆగుతాయో పిల్లలకి అప్పుడు అర్థమైంది. చమురు అదే, రాష్ట్రం మారితే పన్ను మారుతుంది.

"అయితే ప్రపంచంలో చమురు ధర బాగా పడిపోతే మనకి పండగే కదా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పే లోపే ఇంకో అబ్బాయి అన్నాడు. "పండగేటి? మా నాన్న పని పోద్ది." వాళ్ళ నాన్న కువైట్‌లో వెల్డరు.

ఆ మాట నాకు కొత్త కాదు. మాది మందస మండలంలో ఒక పల్లె. మా నాన్న సౌదీలో పైప్ ఫిట్టరు. 2014 జూన్‌లో బ్యారెల్ 110 డాలర్ల పైన ఉండేది. 2016 జనవరికి 30 కంటే కిందికి పడిపోయింది. చమురు డబ్బుతో నడిచే దేశాల్లో పనులు ఆగిపోయాయి, కంపెనీలు జీతాలు ఆపేశాయి. 2016 ఆగస్టులో సౌదీలో చిక్కుకున్న మన కార్మికుల కోసం కేంద్ర మంత్రి వి.కె.సింగ్ జెడ్డా వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. నాన్న ప్రతి వారం ఫోన్ చేసేవారు, ఏమీ చెప్పేవారు కాదు. "బాగానే ఉన్నానమ్మా, డ్యూటీ తగ్గింది, రెస్టు దొరుకుతోంది" అనేవారు. నాలుగు నెలల జీతం రాకుండానే ఆయన తిరిగి వచ్చేశారని, ఇంటికి వచ్చి సూట్‌కేసు తెరిచిన రోజున తెలిసింది. అమ్మ గాజులు తాకట్టు పెట్టి నా ఆఖరి ఏడాది ఫీజు కట్టింది.

అప్పుడు నాకు అర్థం కానిది ఒకటుండేది. చమురు చవకైందని టీవీలో సంతోషంగా చెబుతున్నారు, మా ఇంట్లో ఎందుకు ఇలా అయింది? పోనీ బంకులోనైనా ఆ చవక పూర్తిగా కనిపించిందా అంటే, 2014 నవంబరు నుంచి 2016 జనవరి మధ్య కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచింది. అప్పట్లో నాకు ఎవరైనా ఈ పాఠం చెప్పి ఉంటే నాన్న బాధ పోయేది కాదు. కానీ నాన్నకి పని రాకపోవడం ఆయన తప్పేమోనని నేను లోపల్లోపల అనుకునేదాన్ని కాదు.

మన ప్రాంతంలో చాలా ఇళ్ళకి చమురు రెండు వైపులా లెక్కలో ఉంటుంది. ధర పెరిగితే బోటు ఖర్చు, లారీ కిరాయి, కూరగాయల ధర పెరుగుతాయి. ధర పడిపోతే గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుకి ముప్పు. మామూలు పుస్తకం మొదటి వైపే చెబుతుంది. రెండో వైపు మన పిల్లలకి మనమే చెప్పాలి.

నాన్న పంపిన డబ్బు, దేశం కొన్న చమురు

చమురు ఎక్కువగా డాలర్లలోనే కొనాలి. 2023-24లో ముడి చమురు దిగుమతికే మన దేశం 13 వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. ఆ డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయి? మనం అమ్మిన సరుకుల నుంచి, సాఫ్ట్‌వేర్ లాంటి సేవల నుంచి, బయట పనిచేసే మనవాళ్ళు ఇంటికి పంపే డబ్బు నుంచి. ఇలా ఇంటికి వచ్చే డబ్బులో ప్రపంచంలో మొదటి స్థానం మన దేశానిదే. ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు దాటుతోంది.

ఈ రెండూ ఒకేసారి దెబ్బతింటే ఏమవుతుందో 1990లో తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. చమురు ధర కొన్ని వారాల్లోనే రెట్టింపయింది. అక్కడ పనిచేస్తున్న మనవాళ్ళు ఉన్నదంతా వదిలేసి వచ్చారు. సుమారు 1.7 లక్షల మందిని జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకువచ్చారు. ఒక చేత్తో ఎక్కువ డాలర్లు ఇవ్వాలి, ఇంకో చేతికి వచ్చే డాలర్లు ఆగిపోయాయి. అప్పటికే అప్పులు, లోటు పెరిగి ఉన్న ఖజానా ఇంకా బలహీనపడింది. 1991 నాటికి దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే విదేశీ మారకమే మిగిలింది. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారం విదేశానికి పంపి తాకట్టు పెట్టింది. పి.వి.నరసింహారావు గారు ప్రధాని అయిన కొత్తలో సంగతి. గాజులు తాకట్టు పెట్టిన ఇంటి కష్టం తెలిసిన పిల్లకి దేశం బంగారం తాకట్టు పెట్టడం ఎంత కష్టమో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

దేశం ఏం చేస్తోంది?

పిల్లలు పరీక్షలో రాయడానికి వీలుగా నాలుగు అంశాలు చెప్పాను. ప్రతి దానికీ ఒక పరిమితి ఉంది, అదీ రాయాలి.

ఒకటి, ఒక్కరి దగ్గరే కొనకపోవడం. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించినప్పుడు సుమారు 3 డాలర్లు ఉన్న బ్యారెల్ కొన్ని నెలల్లో 12 డాలర్లకు చేరువైంది. అప్పటి నుంచి అన్ని దేశాలూ నేర్చుకున్న పాఠం ఇది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తగ్గింపు ధరకు అమ్మింది. మన దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపు నుంచి మూడో వంతు దాకా వెళ్ళింది. దానికీ ఒక ధర ఉంది. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. దాంతో మొత్తం 50 శాతం అయింది. ఆ దెబ్బ మన రాష్ట్రం రొయ్యల రైతుకి తగిలింది. రష్యా చమురుకీ రొయ్యల చెరువుకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే పిల్లలు ఇప్పుడు చెప్పగలరు.

రెండు, నిల్వ. విశాఖ గుహల గురించి పైన రాశాను. నిల్వ రోజులకి పనికొస్తుంది, ఏళ్ళకి కాదు.

మూడు, సొంత ఉత్పత్తి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో కాకినాడ తీరానికి దూరంగా కేజీ-డి6లో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. ఎన్నో ఆశలు పెట్టుకున్నాం, కొద్ది ఏళ్ళకే ఉత్పత్తి బాగా తగ్గిపోయింది. అదే బేసిన్‌లో లోతు సముద్రం నుంచి ఓఎన్‌జీసీ 2024 జనవరిలో చమురు తీయడం మొదలుపెట్టింది. మంచిదే. కానీ దేశం అవసరం ముందు అది కొంచెమే.

నాలుగు, వాడకం మార్చడం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి సాధ్యమైంది. రైలు మార్గాలు దాదాపు అన్నీ కరెంటు మీద నడుస్తున్నాయి. ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు చేస్తారు. "ఇంటి మీద సోలార్ పెడితే పెట్రోలు దిగుమతి తగ్గుతుంది" అని రాస్తారు. మన కరెంటు ఎక్కువగా బొగ్గుతో వస్తుంది, పెట్రోలుతో కాదు. ఆ కరెంటుతో స్కూటరు నడిపినప్పుడు, ఇండక్షన్ పొయ్యి మీద వండినప్పుడు మాత్రమే చమురు, గ్యాస్ తగ్గుతాయి. ఈ తేడా రాసిన పిల్లలకి ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

ఇంట్లో మీరు చేయించవలసినవి

ఈ నెల ప్రాజెక్ట్ వర్క్ కోసం చార్టులు, థర్మోకోల్ కొనకండి. ఒక నోటుబుక్ చాలు.

1. కొత్త బండ పెట్టిన తేదీ క్యాలెండరు మీద పిల్లల చేత రాయించండి. అయిపోయిన రోజున 14,200 గ్రాములను రోజుల సంఖ్యతో భాగించమనండి. 45 రోజులు వస్తే రోజుకి సుమారు 315 గ్రాములు. పప్పు నానబెట్టి వండితే, గిన్నె మీద మూత పెడితే రెండో బండకి లెక్క ఎంత మారిందో రాయమనండి.

2. గల్ఫ్‌లో ఉన్న నాన్నకో బాబాయికో పిల్లలు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. మీ కంపెనీ ఏం చేస్తుంది? మీ చుట్టూ ఏ ఏ దేశాల వాళ్ళు పనిచేస్తున్నారు? మీరు పంపే డబ్బు ఏ రోజు ఎంత రేటుకి రూపాయల్లోకి మారింది? జవాబులు మ్యాపు పక్కన రాయాలి.

3. గల్ఫ్‌లో ఎవరూ లేని పిల్లలు, అమ్మ కొన్న ఒక సరుకు తీసుకుని అది ఇంటికి చేరే దాకా డీజిలు ఎక్కడెక్కడ ఖర్చయిందో రాయాలి. చేప, కొబ్బరికాయ, యూరియా బస్తా, స్కూల్ బస్సు, ఏదైనా సరే.

4. ఒక ప్రశ్నకు పది వాక్యాల్లో జవాబు: "దిగుమతి మంచిదా, చెడ్డదా? పలాస జీడి పరిశ్రమ ఉదాహరణతో రాయండి." మంచిది అన్నా, చెడ్డది అన్నా మార్కులు పడతాయి. కారణాలు చెప్పకపోతే పడవు.

ఒక మనవి. రెండో ప్రశ్నకి కొందరు తండ్రులు ఇబ్బంది పడవచ్చు. పని సరిగా లేకపోవచ్చు, ఆ సంగతి ఇంట్లో చెప్పి ఉండకపోవచ్చు. జీతం ఎంత అని పిల్లలు అడగరు, అడగవద్దని నేను చెప్పాను. కానీ వీలైతే నిజం కొంచెం చెప్పండి. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ మోయగలరు. తెలియకపోతే వాళ్ళు తప్పుగా ఊహించుకుంటారు. నేను అలాగే ఊహించుకున్నాను.

పేరెంట్స్ మీటింగ్‌లో ప్రశ్న అడిగిన ఆ తండ్రికి నా జవాబు ఇది. సార్, మీ అబ్బాయి రేపు ఇంజనీరు అయినా, జీడిమిల్లు నడిపినా, మూలపేటలో కడుతున్న పోర్టులో ఉద్యోగం చేసినా, తన జీతం, తన వంటింటి ఖర్చు ఎక్కడో ఒక సముద్రపు సందు మీద, ఎవరో రాసుకున్న ఒప్పందం మీద ఆధారపడి ఉంటాయి. ధర పెరిగినప్పుడు ఎవరిని అడగాలో, పని పోయినప్పుడు ఎవరిని తప్పు పట్టకూడదో వాడికి తెలియాలి. వారానికి ఆ నాలుగు పీరియడ్లు అందుకే అడుగుతున్నాను.

నోటుబుక్కులు వచ్చే నెల రెండో శనివారం లోపు పంపించండి. చదివి, ప్రతి దాని కిందా నేను ఒక మాట రాసి తిరిగి ఇస్తాను.

మీ పిల్లల సోషల్ టీచరు